టెరిటోరియల్ ఆర్మీలో పూర్తికాలపు సేవ: వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి

మీ ప్రశ్నల సారాంశాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుందాం. మీ వయసు 31. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ టెరిటోరియల్ ఆర్మీ, అంటే ఉద్యోగాల్లో ఉన్న పౌరులతో నడిచే రిజర్వు సైన్యం, అధికారి పరీక్షకు సిద్ధమవుతున్నారు. అందులో చేరిన తరువాత పూర్తికాలపు సైనిక సేవలోకి మారవచ్చా, మారితే మళ్లీ ఉద్యోగానికి తిరిగి రావచ్చా, కంపెనీ ఒప్పుకోకపోతే ఏం చేయాలి, చివరికి పింఛను వస్తుందా అని అడిగారు. ప్రాజెక్టు పని మీద కంపెనీ అమెరికా పంపితే ఏమవుతుందని మరొక సందేహం వెలిబుచ్చారు. జవానుగా పదిహేడేళ్లు పనిచేసి బయటికి వచ్చిన మీ బావగారికి ఇందులో చోటుంటుందా అని కూడా రాశారు. నేను బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే టెరిటోరియల్ ఆర్మీ ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం)లో అధికారిగా సేవ చేసి విరమించినవాణ్ని. పిలుపు వచ్చినప్పుడు ఉద్యోగాన్ని పక్కన పెట్టి వెళ్లడం, పంపించివేసినప్పుడు తిరిగి వచ్చి అదే కౌంటరు వెనుక కూర్చోవడం రెండూ నాకు తెలుసు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

మీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. రిజర్వు సేవ ఒక ఉద్యోగమనీ, పూర్తికాలపు సేవ మరొక ఉద్యోగమనీ, దరఖాస్తు పెట్టుకుంటే ఒకదాని నుంచి మరొకదానికి బదిలీ అవుతారనీ మీరు అనుకుంటున్నట్టున్నారు. టెరిటోరియల్ ఆర్మీలో అలా ఉండదు. మీకు ఇచ్చే కమిషన్ (సైనికాధికారిగా నియామకం) ఒక్కటే, దానికి రెండు స్థితులు ఉంటాయి. ఒకటి మీరు మామూలు పౌరుడిగా మీ ఉద్యోగంలో ఉండే స్థితి. రెండవది ప్రభుత్వం మిమ్మల్ని సేవలోకి పిలిచి, సైనిక జీతం మీద, సైనిక చట్టం కింద ఉంచే స్థితి. ఈ రెండవదాన్నే ఎంబాడీమెంట్ అంటారు, దాని నుంచి విడుదల చేయడాన్ని డిస్‌ఎంబాడీమెంట్ అంటారు. జీతం, హోదా, గాయమైతే పరిహారం, పింఛను లెక్క, ఆఖరికి మిమ్మల్ని ఏ న్యాయస్థానం విచారించాలన్న విషయం కూడా ఆ రోజున మీరు ఎంబాడీ అయి ఉన్నారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎంబాడీ కావడం మీ హక్కు కాదు. సైన్యానికి అవసరముండి, బడ్జెట్‌లో డబ్బుంటేనే అది జరుగుతుంది. అధికారుల నియామక ప్రకటనలోనే ఈ సంగతిని దాపరికం లేకుండా రాస్తారు. ఇది వృత్తిగా చేపట్టే ఉద్యోగం కాదనీ, ఉద్యోగమో వ్యాపారమో ఉన్న పౌరుల కోసం ఏర్పాటైన పార్ట్‌టైం సేవ అనీ, పూర్తికాలపు కొలువుకు గానీ పింఛనుకు గానీ ఇందులో హామీ లేదనీ ఆ షరతుల్లో ఉంటుంది. అభ్యర్థులు సిలబస్‌ను చదివినంత శ్రద్ధగా ఆ షరతులను చదవరు.

టెరిటోరియల్ ఆర్మీ మీదుగా రెగ్యులర్ సైన్యంలోకి ప్రవేశించవచ్చన్న ఆశ ఉంటే దాన్ని ఇక్కడే వదిలేయండి. రెగ్యులర్ కమిషన్‌కు దారులు వేరు, వాటి వయోపరిమితులు వేరు. సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా వెళ్లేవారికి ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల దగ్గర తలుపు మూసుకుపోతుంది. ఇంజనీర్లకు ఉండే షార్ట్ సర్వీస్ టెక్నికల్ ప్రవేశానికి 27 ఏళ్లే హద్దు. 31 ఏళ్ల ఇంజనీరు కోసం 42 ఏళ్ల వరకు తెరిచి ఉంచిన తలుపు టెరిటోరియల్ ఆర్మీదే. అది ఇచ్చే కమిషన్ మాత్రం టెరిటోరియల్ ఆర్మీ కమిషన్‌గానే ఉండిపోతుంది. చరిత్రలో రిజర్వు నుంచి రెగ్యులర్‌లోకి పెద్ద ఎత్తున మార్పు జరిగిన సందర్భం ఒకటుంది. మొదటి రోజుల్లో టెరిటోరియల్ ఆర్మీలో ఇన్‌ఫాంట్రీతో పాటు కవచ దళాలు, విమాన విధ్వంసక దళాలు, సిగ్నల్స్, వైద్య విభాగాలు కూడా ఉండేవి. 1972 నాటికి ఇన్‌ఫాంట్రీ తప్ప ఇటువంటి యూనిట్లను కొన్నిటిని రద్దు చేశారు, కొన్నిటిని రెగ్యులర్ సైన్యంగా మార్చారు. అప్పుడు మారినవి యూనిట్లు. ఒక్కొక్క అధికారి తన ఇష్టం కొద్దీ దాటి వెళ్లే వంతెన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇక పిలుపు ఎలా వస్తుందో చూద్దాం. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం ఏడవ సెక్షన్ మూడు రకాల సేవను చెబుతుంది. మొదటిది పౌర పాలనకు సాయంగానో, ముఖ్యమైన స్థావరాల కాపలాకో పిలవడం. రెండవది శిక్షణ కోసం గానీ, రెగ్యులర్ సైన్యానికి బలం చేకూర్చడానికి గానీ ఎంబాడీ చేయడం. మూడవది రెగ్యులర్ దళానికి అటాచ్ చేయడం. ఇది మీరు కోరుకున్నా జరగవచ్చు, నియమాలు చెప్పిన పరిస్థితుల్లో వారంతట వారే చేయనూ వచ్చు. పార్ట్‌టైం అన్న మాట విని ఇదేదో తేలిక వ్యవహారమని అనుకునేవారికి ఈ మూడవ రకం గురించి నేను ప్రత్యేకంగా చెబుతుంటాను. 2018 నవంబరులో షోపియాన్ జిల్లాలో ఉగ్రవాదులతో పోరాడుతూ మరణించిన లాన్స్ నాయక్ నజీర్ అహ్మద్ వానీకి మరుసటి గణతంత్ర దినాన అశోక చక్ర ప్రదానం చేశారు. ఆయన టెరిటోరియల్ ఆర్మీ 162వ బెటాలియన్ సైనికుడు. ఆనాడు కాశ్మీర్‌లో ఉగ్రవాదులను ఎదుర్కొనే సైనిక యూనిట్ 34 రాష్ట్రీయ రైఫిల్స్‌తో కలిసి పనిచేస్తున్నారు. తూటాకు రెగ్యులర్, టెరిటోరియల్ అన్న భేదం తెలియదు.

సైనిక చట్టం వర్తించే తీరులో అధికారికీ జవానుకూ ఒక చిన్న తేడా ఉంది. జవాన్లకు పిలుపు మీద వచ్చినప్పుడు, ఎంబాడీ అయినప్పుడు, అటాచ్ అయినప్పుడు 1950 నాటి ఆర్మీ చట్టం వర్తిస్తుంది. అధికారికి, అధికారిగా విధి నిర్వహిస్తున్న సమయమంతా వర్తిస్తుంది. అందువల్ల క్యాంపు అధికారికంగా మొదలు కాకముందే యూనిట్ పని మీద ఎక్కడికైనా వెళ్లారంటే, అక్కడ మీరు కంపెనీ ఇంజనీరుగా కాక సైనికాధికారిగా జవాబుదారీ అవుతారు. పిలిచినప్పుడు సరైన కారణం లేకుండా హాజరు కాకపోవడం చట్టప్రకారం నేరమన్న సంగతి కూడా చేరే ముందే తెలుసుకోవాలి. ఇష్టమైతే వెళ్లి, లేకపోతే మానుకునే సేవాసమితి కాదిది.

పిలిచే అధికారం 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ నియమావళిలోని 33వ నియమం కింద కేంద్ర ప్రభుత్వానిది. ఇటీవలి ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. 2025 మే 6న రక్షణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. టెరిటోరియల్ ఆర్మీలోని ప్రతి అధికారినీ, ప్రతి సైనికుణ్నీ కాపలా విధులకు పిలవడానికి గానీ, రెగ్యులర్ సైన్యానికి తోడుగా ఎంబాడీ చేయడానికి గానీ సైన్యాధిపతికి ఆ నియమం కింద అధికారం ఇచ్చింది. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఆ వార్త బయటికి రాగానే మన ఛానళ్లలో రిజర్వు సైన్యమంతా సరిహద్దుకు తరలుతోందన్నట్టు హడావిడి జరిగింది. ఉత్తర్వును నిదానంగా చదివితే అందులో ఉన్నది వేరు. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ను మాత్రమే ఎంబాడీ చేసి వివిధ కమాండ్ల పరిధిలో మోహరించడానికి ఆమోదం ఉంది. దాని గడువు 2025 ఫిబ్రవరి 10 నుంచి 2028 ఫిబ్రవరి 9 వరకు మూడేళ్లు. ఇవన్నీ వార్తల్లో ఎంతో కొంత వచ్చాయి. మీవంటివారు చూడవలసిన అసలు వాక్యం వాటి కింద ఉంది. బడ్జెట్‌లో నిధులుంటేనో, లోపలి పొదుపుల నుంచి సర్దగలిగితేనో మాత్రమే ఎంబాడీమెంట్‌కు ఆదేశించాలని అందులో స్పష్టంగా రాశారు. వేరే మంత్రిత్వ శాఖ కోరిక మీద ఎంబాడీ చేసిన యూనిట్ల ఖర్చును ఆ శాఖకే రాయాలని కూడా ఉంది. డెల్టాలో చివరి ఆయకట్టు రైతు ఎంత కష్టజీవి అయినా కాలువకు నీళ్లు వదలడం లాకుల దగ్గరి వారి చేతిలో ఉన్నట్టే, మీరు ఎంత ఉత్సాహవంతులైనా మీ ఎంబాడీమెంట్ వ్యవధి మీ చేతిలో ఉండదు. ఒక బెటాలియన్‌లో ఏళ్ల తరబడి కొనసాగిన అధికారులున్నారు. ఆమోదించిన సంఖ్య తగ్గగానే నెలల వ్యవధిలో ఇంటికి వచ్చిన అధికారులూ ఉన్నారు. వారి యోగ్యతలో తేడా ఏమీ లేదు.

మామూలుగా ఒక అధికారి జీవితం ఎలా సాగుతుందో చెబుతాను. రాతపరీక్ష, సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, వైద్య పరీక్షలు దాటిన తరువాత లెఫ్టినెంట్‌గా కమిషన్ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అభ్యర్థుల వ్యవహారం పూణెలోని సదరన్ కమాండ్ గ్రూప్ హెడ్‌క్వార్టర్స్ పరిధిలోకి వస్తుంది. మనకు దగ్గరలో సికింద్రాబాద్‌లో గార్డ్స్ రెజిమెంటుకు అనుబంధంగా 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ ఉన్నప్పటికీ, మీకు అదే యూనిట్ వస్తుందని లెక్క వేసుకోకండి. మొదటి ఏడాదిలో ఒక నెల ప్రాథమిక శిక్షణ, ఆ ఏడాదితో మొదలుపెట్టి ఏటా రెండు నెలల శిక్షణ క్యాంపు, మొదటి రెండేళ్లలోపల మరో మూడు నెలల శిక్షణ ఉంటాయి. అంటే మొదటి రెండేళ్లలోనే మీరు ఉద్యోగానికి సుమారు ఎనిమిది నెలలు దూరంగా ఉండాలి. కంపెనీతో మాట్లాడేటప్పుడు చాలామంది ఏడాదికి రెండు నెలలే అని చెప్పి ఒప్పిస్తారు. తరువాత మొదటి రెండేళ్ల అసలు లెక్క బయటపడి మాట పోగొట్టుకుంటారు. ఆ ఎనిమిది నెలల సంగతిని మీరే ముందు చెప్పండి. శిక్షణలో ఉన్నా, విధుల్లో ఉన్నా, ఎంబాడీ అయిన రోజులకు జీతభత్యాలు రెగ్యులర్ అధికారితో సమానం. లెఫ్టినెంట్ మూల వేతనం ఏడవ వేతన సంఘం లెక్కలో 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది, దానికి నెలకు 15,500 రూపాయల సైనిక సేవా వేతనం, ఇతర భత్యాలు కలుస్తాయి. ఎంబాడీ కాని రోజులకు సైన్యం నుంచి జీతం రాదు. లెఫ్టినెంట్ కర్నల్ వరకు పదోన్నతి నిర్ణీత అర్హతలు పూర్తి చేసినవారికి కాలక్రమంలో వస్తుంది, కర్నల్, బ్రిగేడియర్ హోదాలకు ఎంపిక ఉంటుంది. ఇన్‌ఫాంట్రీలో చేరినవారిని అవసరాన్ని బట్టి ఎక్కువ కాలానికి పిలవవచ్చని ప్రకటనలోనే రాసి ఉంటుంది, పిలుస్తారు కూడా. జమ్మూ కాశ్మీర్‌లోనూ ఈశాన్యంలోనూ కాపలా విధుల భారం ఎక్కువగా ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ల మీదే పడుతుంది.

కంపెనీ విషయానికి వద్దాం. మీ సందేహాల్లో నేను ఎక్కువ భయపడేది దీని గురించే. చట్టం మీ పక్షానే ఉంది. టెరిటోరియల్ ఆర్మీ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం, సైనిక సేవకు వెళ్లవలసిన ఉద్యోగికి అవసరమైన సెలవు ఇవ్వడం, సేవ ముగిసి తిరిగి వచ్చాక మధ్యలో అంతరాయమే లేకపోతే ఏ స్థితిలో ఉండేవాడో దానికి తక్కువ కాని స్థితిలో ఉద్యోగంలోకి తీసుకోవడం యజమాని విధి. ఈ బాధ్యత తప్పించుకోవడానికే, పిలుపు వచ్చేలోగా ఉద్యోగం నుంచి తీసేసిన యజమానికి కూడా ఆ విధి అంటుకునే ఉంటుంది. 7బి సెక్షన్ మీ ప్రావిడెంట్ ఫండ్ వంటి హక్కులను కాపాడుతుంది. ఇంతవరకు చదివితే నిశ్చింతగా ఉంటుంది. తరువాతి భాగం చదివితేనే నిజస్థితి అర్థమవుతుంది. యజమాని నిరాకరించినా, తిరిగి తీసుకోవడం సాధ్యం కాదని చెప్పినా వివాదం నిర్దేశిత అధికారి ముందుకు వెళుతుంది. ఆ అధికారి యజమానికి మినహాయింపు ఇవ్వవచ్చు, ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించవచ్చు, లేదా ఆరు నెలల జీతానికి మించని పరిహారం చెల్లించమనవచ్చు. ఆదేశాన్ని లెక్కచేయని యజమానికి పడే జరిమానా హద్దు వెయ్యి రూపాయలు. ఆ అంకె చూసి మీ కంపెనీ న్యాయ విభాగం భయపడుతుందని నేను అనుకోను. జరిమానాతో పాటు పరిహారాన్ని కూడా న్యాయస్థానం కట్టిస్తుందన్నది నిజమే అయినా, కేసు గెలిచి ఆరు నెలల జీతం పుచ్చుకోవడం వేరు, ఉద్యోగం నిలబడటం వేరు.

కాబట్టి చట్టాన్ని చివరి ఆయుధంగా ఉంచుకుని, ముందు కాగితాలతో పని చేయండి. దరఖాస్తు దశలోనే కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. ఏడాదికి శిక్షణ ఎంత, మొదటి రెండేళ్లలో ఎంత, పిలుపు వస్తే పూర్తికాలం వెళ్లవలసి రావచ్చన్న సంగతీ అందులో మాటల్లో ఉండాలి. "కంపెనీకి అభ్యంతరం లేదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. క్యాంపు కాలాన్ని జీతంతో కూడిన సెలవుగా చూస్తారా, జీతం లేని సెలవుగా చూస్తారా, వార్షిక మదింపులో ఆ నెలలను ఎలా లెక్కిస్తారు, సీనియారిటీ కొనసాగుతుందా అన్నవాటికి మానవ వనరుల విభాగం ఈమెయిలు ద్వారానైనా సమాధానం ఇవ్వాలి. మీ మేనేజరు మంచివాడు కావచ్చు. మీరు రెండేళ్లు సరిహద్దులో ఉండి వచ్చేసరికి ఆయన ఆ కుర్చీలో ఉండకపోవచ్చు, ఈమెయిలు ఉంటుంది. మరొక జాగ్రత్త: యూనిట్ తప్పనిసరిగా పిలిచిన సేవకూ, మీరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి పొడిగించుకున్న సేవకూ మధ్య యజమాని వాదన లేవనెత్తే అవకాశం ఎక్కువ. స్వచ్ఛందంగా ఎంబాడీ కావాలనుకుంటే, సంతకం పెట్టే ముందు కంపెనీ సమ్మతిని మళ్లీ కొత్తగా తీసుకోండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలాంటి ప్రభుత్వ రంగ బ్యాంకువారికీ ఈ తలనొప్పి తక్కువ. శాఖకు నియమాలుంటాయి, ఫైలు నిదానంగానైనా కదులుతుంది.

వెళ్లే ముందు ఇంట్లో సర్దుకోవలసిన విషయాలు చిన్నవే అయినా, మరిచిపోతే బాధిస్తాయి. కంపెనీ జీతం ఆగినప్పటి నుంచి మొదటి సైనిక జీతం ఖాతాలో పడే వరకు కొంత ఎడం ఉంటుంది, గృహ రుణ వాయిదా మాత్రం తన తేదీకి వచ్చి నిలబడుతుంది. కనీసం మూడు నెలల వాయిదాలు చేతిలో ఉంచుకుని బయలుదేరండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా, జీతం లేని సెలవులో మీ తల్లిదండ్రులకూ భార్యాపిల్లలకూ కొనసాగుతుందో లేదో అడగండి. సొంత జీవిత బీమా పాలసీలో యుద్ధం, సైనిక విధులకు సంబంధించిన మినహాయింపులేమైనా ఉన్నాయేమో చదివి, సంస్థకు మీ సేవ గురించి రాతపూర్వకంగా తెలపండి. ఒంటి సంగతి కూడా చెప్పాలి. ఏడాది పొడవునా కుర్చీలో కూర్చుని, క్యాంపుకు పదిహేను రోజుల ముందు పరుగు మొదలుపెట్టే అధికారులను జవాన్లు మొదటి ఉదయమే పసిగడతారు. ముప్పై ఐదు దాటాక మోకాళ్లు కూడా పసిగడతాయి.

శిక్షణలోనో విధుల్లోనో గాయమైతే, అది ఎంత చిన్నదైనా, గాయం నివేదిక అప్పటికప్పుడే రాయించుకోండి. ఎంబాడీ అయి ఉన్నప్పుడు సేవ కారణంగా కలిగిన వైకల్యానికి పింఛను హక్కు ఉంది. అయితే ఆ కారణాన్ని నిరూపించేది ఆనాటి కాగితమే. బెణికింది కదా అని నూనె రాసుకుని ఇంటికి వచ్చి, రెండేళ్ల తరువాత అదే మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్నవారి దరఖాస్తులు ఎందుకు నిలబడవో వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా కాగితాలే ముఖ్యం. ఎంబాడీ చేసిన తేదీ, విడుదల చేసిన తేదీ పార్ట్ టూ ఆర్డర్లలో (సైనికుడి సర్వీసు వివరాలను నమోదు చేసే యూనిట్ ఉత్తర్వులు) సరిగా ప్రచురితమయ్యాయో లేదో చూసుకోకుండా యూనిట్ గేటు దాటవద్దు. ఆ ఆర్డర్ల నకళ్లు, కదలిక ఉత్తర్వులు, జీతం స్లిప్పులు, విడుదల పత్రం అన్నీ ఒకే ఫైలులో, స్కాన్ చేసిన ప్రతులతో సహా జీవితాంతం ఉంచుకోండి. రెగ్యులర్ అధికారికి సర్వీసు ఒకే గీతలా సాగుతుంది కాబట్టి ఎక్కడో ఒక ఆర్డరు తప్పినా లెక్క దొరుకుతుంది. మన సర్వీసు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పదేళ్ల కిందటి ఒక ముక్క రికార్డుల్లో పడలేదని తేలితే, ఆనాటి అడ్జుటెంటును (యూనిట్ పాలనా వ్యవహారాలు చూసే అధికారిని) వెతికి పట్టుకుని సరిచేయించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆదాయపు పన్ను విషయంలో కొత్తవారు తప్పకుండా తడబడతారు. ఒకే ఆర్థిక సంవత్సరంలో మీకు ఇద్దరు జీతం ఇస్తారు, రెండు ఫారం 16లు వస్తాయి. ఒకరు ఇచ్చింది మరొకరికి తెలియకపోవడంతో ఇద్దరూ స్టాండర్డ్ డిడక్షన్ తీసివేస్తారు, ఇద్దరూ తక్కువ శ్లాబు లెక్కన పన్ను పట్టుకుంటారు. జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా బాకీ కనబడుతుంది. తిరిగి వచ్చిన వెంటనే సైనిక జీతం వివరాలను కంపెనీకి ఇస్తే మిగిలిన నెలల్లో సర్దుబాటు అయిపోతుంది.

పింఛను గురించి మీరు చివరన అడిగారు. నిజానికి చేరాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు ఆలోచించవలసింది దాని గురించే. అధికారికి సర్వీసు పింఛను రావాలంటే ఎంబాడీ అయిన సేవ మొత్తం 20 ఏళ్లు ఉండాలి, జవాన్లకూ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్)లకూ 15 ఏళ్లు. మధ్యలో విరామాలు ఉన్నా ఫరవాలేదు, ముక్కలన్నీ కలుపుతారు, విరామ కాలం మాత్రం లెక్కలోకి రాదు. ఇప్పుడు మీ లెక్క వేయండి. ఏడాదికి రెండు నెలల క్యాంపు చొప్పున ఇరవై ఏళ్లు క్రమం తప్పకుండా హాజరైతే వచ్చేది 40 నెలలు, అంటే మూడేళ్లకు కాస్త ఎక్కువ. క్యాంపులతో పింఛను రాదు. 32వ ఏట కమిషన్ పొంది, దాదాపు విరామం లేకుండా యాభై దాటే వరకు ఎంబాడీ అయి ఉంటేనే ఇరవై పూర్తవుతాయి. ఆ కొనసాగింపు ఎవరి చేతిలో ఉందో పైన చెప్పాను. పద్దెనిమిదేళ్ల దగ్గర డిస్‌ఎంబాడీ అయితే ఏమిటన్న ప్రశ్న మీకు మీరే వేసుకుని, దానికి తట్టుకునేలా మీ సొంత ప్రావిడెంట్ ఫండునూ పొదుపునూ నడిపించండి. మాజీ సైనికుడి హోదా కూడా దీనితోనే ముడిపడి ఉంది. కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం టెరిటోరియల్ ఆర్మీ వారిలో ఎంబాడీ అయిన సేవకు పింఛను పొందేవారు, సైనిక సేవ వల్ల వైకల్యం కలిగినవారు, శౌర్య పతకం పొందినవారు మాత్రమే మాజీ సైనికులు. పది క్యాంపులు చేసి రాజీనామా ఇచ్చినవారు ఉద్యోగ రిజర్వేషన్లలో మాజీ సైనికుడి కోటా అడగలేరు.

ఇక్కడ ఒక పక్కమాట. ధోనీ గారి వంటివారికి ఇచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ హోదా గౌరవ హోదా. దాన్ని చూసి టెరిటోరియల్ ఆర్మీ అంటే ప్రముఖుల వ్యవహారమని కొందరు అనుకుంటారు. మరోవైపు సచిన్ పైలట్, అనురాగ్ ఠాకూర్ వంటి రాజకీయ నాయకులు ఎంపిక ప్రక్రియ దాటి లెఫ్టినెంట్‌గా మొదలైన కమిషన్డ్ అధికారులు. ఎన్నికల్లో పోటీ చేసే వ్యక్తి అదే కాలంలో సైనికాధికారి కూడా కావడం రెగ్యులర్ సైన్యంలో ఊహించలేనిది. ఎంబాడీ కాని రోజుల్లో మీరు నిజంగానే పౌరులన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మీరు అడిగిన అమెరికా ప్రయాణం మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఎప్పుడైనా ఎదురయ్యేదే. రెండు మూడేళ్లు విదేశంలో ఉంటే ఏటా జరిగే క్యాంపులకు హాజరు కాలేరు. ఒకసారి వెళ్లడానికైనా యూనిట్‌కు ముందే తెలిపి అనుమతి తీసుకోవాలి. టెరిటోరియల్ ఆర్మీ భారత పౌరులకు మాత్రమే కాబట్టి, గ్రీన్ కార్డు వరుసలో నిలబడి రేపో మాపో అక్కడి పౌరసత్వం తీసుకునే ఆలోచన ఉన్నవారు ఇందులో చేరడం ఇరుపక్షాలకూ కాలం వృథా చేయడమే. రాబోయే పదేళ్లు హైదరాబాద్‌లోనే ఉంటారన్న నమ్మకం మీకు ఉంటే పరీక్ష రాయండి. విదేశీ అవకాశం కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఆ సంగతి ఏదో ఒక పక్కకు తేలేవరకు ఆగండి. 42 ఏళ్ల వరకు సమయం ఉంది.

మీ బావగారి విషయం వేరు. పదిహేడేళ్ల సర్వీసుతో వచ్చిన జవానుకు పింఛను ఉంటుంది కాబట్టి, ఆయన వెతుకుతున్నది రెండవ కొలువు. టెరిటోరియల్ ఆర్మీలో మాజీ సైనికులను ప్రధానంగా తీసుకునేవి పర్యావరణ బెటాలియన్లు. 1982లో గఢ్‌వాల్ కొండల్లో మొదలై, తరువాత రాజస్థాన్, మహారాష్ట్ర వంటి చోట్లకు విస్తరించిన ఈ యూనిట్లు మొక్కలు నాటడం, నేల కోతను అరికట్టడం వంటి పనులు చేస్తాయి. ఆయా ప్రాంతాల మాజీ సైనికులకే అక్కడ ప్రాధాన్యం కాబట్టి తెలుగువారికి అది దూరపు మాట. ఆయనకు సరిపోయేది డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. రక్షణ స్థావరాల కాపలా దాని పని. మాజీ సైనికులనే తీసుకుంటుంది, మొదటి రోజు నుంచీ పూర్తికాలపు సేవ, 15 ఏళ్లు పూర్తి చేస్తే రెండవ పింఛను కూడా వస్తుంది. సైన్యం నుంచి విడుదలైన తరువాత ఎంతకాలంలోపు చేరాలన్న పరిమితి ఉంటుంది కాబట్టి, ఆయనను తన విడుదల పుస్తకం, వైద్య కేటగిరీ పత్రాలు తీసుకుని ఈ నెలలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, తన రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పంపమని చెప్పండి.